ఆదివారం దాకా ఉంచమన్న కుక్కపిల్ల

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో అక్షరం కూడా అబద్ధం లేదని కొల్లేటి పెద్దింట్లమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. అప్పటికింకా సెల్‌ఫోన్ ఉన్నవాళ్లని ఆగి మరీ చూసేవాళ్లం. మాది తాడేపల్లిగూడెం. వేసవి సెలవులకి పెదపాడులో మా మేనత్త దగ్గరికి వెళ్లాను.

ఒకరోజు అత్త మోపెడ్ మీద ఏలూరు నుంచి వస్తూ, చేపల చెరువు గట్టున ఎవరో వదిలేసిన థర్మోకోల్ పెట్టె తెచ్చింది. చేపల్ని ఐసులో సర్దే పెట్టె. మూత తీస్తే మూడు కుక్కపిల్లలు! మూడూ ఆడవే. మగవాటిని చెరువు కాపలాకి ఎవరో ఏరుకుని పోయి, వీటిని పారేశారు.

అత్త రెండింటిని ఊళ్లో తెలిసినవాళ్లకి చెరొకటి పెంచమని ఇచ్చింది. బొత్తిగా బక్కది నాకిచ్చింది.

"నీకివ్వట్లేదురా, పెంచి ఇవ్వమంటున్నాను," అని ముందే చెప్పింది.

నాకు ఆ మాట ఎక్కితేగా! ముద్దుకొద్దీ చిక్కటి గేదెపాలు పట్టేశాను. దానికి విరేచనాలు పట్టుకుని మెడ వాలేసింది. అత్త తిట్టలేదు. గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పూ పంచదారా కలిపి, ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా పట్టడం నేర్పింది. సాయంత్రానికి అది తోక ఊపింది. నేను పెరడంతా గెంతాను. సెలవులైపోగానే సంచిలో దాచి గూడెం పట్టుకుపోదామని అప్పుడే అనుకున్నాను.

అది కాస్త ఎదిగి పరుగులు పెడుతుండగా ఓ చెరువు రైతు వచ్చాడు. నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తున్నాయట, కుక్క కావాలన్నాడు. దాన్ని చూసి మొహం ముడిచాడు.

"ఆడకుక్క నాకొద్దండీ అమ్మగారూ. ఏడాది తిరిగేసరికి గట్టునిండా పిల్లలేనండీ."

"ఉంచేసుకోమన్నానా అండీ? మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. ఆదివారం దాకా చూడండి చాలు, నేనే వచ్చి తీసుకుపోతాను."

"ఏ చుట్టాలత్తా?" అన్నాను. అత్త నా తొడ మీద గిల్లిన గిల్లుడికి నోరు దానంతటదే మూతపడింది.

ఆదివారం మోపెడ్ వెనక ఖాళీ బుట్ట పట్టుకుని కూర్చున్నాను. గుండె ఇంజనుకంటే గట్టిగా కొట్టుకుంది. అది మళ్లీ నాదే!

వెళ్లేసరికి రైతు ఎదురొచ్చి ఒకటే చెప్పడం. ఆ పొద్దున్నే తనకంటే పెద్ద నీటికాకి మీదికి అది దూకిందట. ఆ పక్షి హడలిపోయి, మింగిన చేపని గట్టు మీద కక్కేసి ఎగిరిపోయిందట. ఆ చేపని చూపించాడు కూడా.

"సరేనండీ, మా పిల్లనిచ్చెయ్యండి మరి," అంది అత్త.

"ఇప్పుడే తీసుకుపోతారా? రేపు రండి."

"పిల్లలు పుట్టేస్తాయన్నారుగా."

"మీరన్నీ మనసులో పెట్టుకుంటారండీ," అని తల గోక్కున్నాడు. "ఆపరేషన్ చేయించేద్దామండీ. అది మాత్రం ఇక్కడే ఉంటుంది."

పశువుల ఆసుపత్రికి తానే తీసుకెళ్తానంది అత్త. ఆమె ఎత్తు అప్పటికి నాకర్థమైంది. శాశ్వతంగా పెంచుకోమంటే వద్దనేవాడు, నాలుగు రోజులు ఉంచమంటే కాదనలేడు. ఆ నాలుగు రోజుల్లో మిగతా పని కుక్కపిల్లే చూసుకుంటుంది.

అంతలో అది నన్ను చూసింది. గట్టు చివరి నుంచి బాణంలా పరిగెత్తుకొచ్చి, మొహమంతా నాకి, మళ్లీ తన చెరువు దగ్గరికి పోయింది. నేను ఖాళీ బుట్టతో ఇంటికొచ్చేశాను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. నీటికాకి అనుకుంటున్నారేమో, అది పచ్చి నిజం, ఆ చేప నేను కళ్లారా చూశాను. కల్పించింది ఆ పరుగు. నిజానికి అది రైతు పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. నేను పిలిస్తే ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆ రోజు దారి పొడుగునా ఏడ్చాను. అత్త మాత్రం మోపెడ్ నడుపుతూ హాయిగా కూనిరాగం తీసింది.

ఇప్పుడు మా వరండాలోనూ ఎప్పుడూ ఒకటో రెండో కుక్కపిల్లలు పెరుగుతుంటాయి. ఇచ్చేసిన దాన్ని చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ, అది నన్ను చూసి లేవకుండా ఉంటే బావుండునని దారిలోనే దణ్ణం పెట్టుకుంటాను.