నా చేతికి కుదిరిన బ్యాట్

మొన్న హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. కొత్తగా గోల్ఫ్ నేర్చుకుంటోందట. ఎవరో వాడిన కర్ర ఒకటి చవకగా వస్తోందని, అది కాదనుకుంటే ఎత్తు, చేతి పొడవు, కొట్టే తీరు చూసి మన కొలతలకే చేసిచ్చే దుకాణం ఉందని, రెండింటిలో ఏది మేలో చెప్పమని అడిగింది. గోల్ఫ్‌ను నేను టీవీలో తప్ప చూసింది లేదు గాని, ఆ ప్రశ్న మాత్రం నాకు పాతదే. మార్కాపురంలో హైస్కూలు చదివే రోజుల్లో అలాంటి ప్రశ్నే మా ఇంటిల్లిపాదినీ ఆలోచనలో పడేసింది.

మాది బాల్ బ్యాడ్మింటన్ కాలం. పసుపుపచ్చ ఉన్నిబంతి బ్యాట్‌కు అల్లిన నరాలకు తగిలితే వచ్చే ఆ మెత్తని చప్పుడు నా ఈడువాళ్ళకు ఇప్పటికీ చెవుల్లో ఉండే ఉంటుంది. బడిలో మాకిచ్చేవి మగపిల్లలు ఆడి వదిలేసిన బ్యాట్లు. పిడి లావు, నా చేయి చిన్నది, గట్టిగా కొడితే బ్యాట్ గుప్పిట్లోనే తిరిగిపోయేది. అయినా ఎట్లాగో జట్టులోకి వచ్చాను. గిద్దలూరులో పోటీలున్నాయని, సొంత బ్యాట్ తెచ్చుకుంటే మంచిదని డ్రిల్ టీచరమ్మ చెప్పింది.

మా వీధిలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్తూ తన బ్యాట్ అమ్ముతున్నాడు. గుంటూరులో అయితే చేయి చూసి పిడి చేసిచ్చేవాళ్ళున్నారు. నా మనసంతా గుంటూరు మీదే. కానీ మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, అసలు ఆడటం దగ్గరే ఆపేసింది.

"పెండ్లీడు పిల్లకు బ్యాటేంది? నలుగురు చూస్తుండంగా ఎగురుతాదా?"

ఎప్పుడూ అత్త మాటకు ఎదురు చెప్పని మా అమ్మ, బియ్యం ఏరుతూనే, "ఆడనీ అత్తా, ఒక్కతూరి ఆడి రానీ" అంది. మరునాడు నాయన ఆ బ్యాంకాయన బ్యాట్ కొని, చేతపట్టుకుని ఇంటికి వచ్చాడు. పిడి చూడగానే నాకు ఏడుపొచ్చింది, బడిలో వాటికంటే లావుగా ఉంది.

నాయనది పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. నన్ను షెడ్డులోకి పిలిచినాడు. "పట్టుకోమ్మా. బిగించి కాదు, ఆడేటప్పుడు పట్టుకున్నట్ల పట్టుకో" అన్నాడు. వేళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో పెన్సిలుతో గీసి, కాస్త చెక్కి, నా చేతికిచ్చి, మళ్ళీ తీసుకుని చెక్కాడు. మధ్యలో ఆగి, "బంతి ఏ పక్కనుంచి వస్తాది? నువ్వెట్ల తిరుగుతావు?" అని అడిగాడు. నా ఆట గురించి ఆయన అడగడం అదే మొదలు. పలకల పొడిలో నిలబడి, లేని బంతిని అటూ ఇటూ కొట్టి చూపించాను. పొద్దుగూకేసరికి పిడి నా గుప్పిట్లో ఒదిగిపోయింది. పాత చీర అంచు చించి అమ్మ దానికి చుట్టింది.

గిద్దలూరుకు నాయనతోపాటు జేజి కూడా బస్సెక్కింది. చెల్లెలింటికి పోతున్నానంది గాని, తీరా చూస్తే ఆ చెల్లెలిని కూడా వెంటబెట్టుకుని గ్రౌండు అంచున కూర్చుంది. చివరి ఆటలో మేం ఓడిపోయాం. తిరుగు బస్సులో నేను తల వంచుకుని కూర్చుంటే, జేజి పక్కసీటావిడతో, "మా పిల్ల కొట్టిన బంతులు ఎన్నో వాళ్ళు తీయలేకపోయినారు" అని చెప్తోంది. ఆ తర్వాత కాలేజీకి గాని, పొదిలిలో డ్రిల్ టీచరుగా చేరడానికి గాని, ఆమె ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

మనవరాలితో, వాడిందా కొత్తదా అని కాదు, రెండూ పట్టుకుని కొట్టి చూడు, చేయి ఏది ఒప్పుకుంటే అది తీసుకో అన్నాను. సరే అమ్మమ్మా అని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు పలకలు అడిగేవాళ్ళు తక్కువ, ఉన్నిబంతి చప్పుడూ వినబడదు. చేతి కొలత తీసుకునేది ఎవరో ముక్కూ మొహం తెలియని దుకాణం మనిషి. అది తలుచుకుంటే కాస్త దిగులే. కానీ అంతసేపు మాట్లాడిన పిల్ల, నేను ఆడొచ్చా అని మాత్రం అడగలేదు. అడగాల్సిన కాలం ఒకటి ఉండేదని కూడా దానికి తెలియదు.