పసుపు అత్తది, ఎరుపు నాది

రాస్తున్నావా తల్లీ? ముందు ఈ మాట రాయి. మీ చిన్నతాత గిటారుకు పసుపు పూసింది నేను కాదు. ఇన్నేళ్ళుగా చుట్టాలందరూ నన్నే అంటున్నారు. పసుపు మా అత్తది. ఎరుపు ఒక్కటే నాది. ఆ తేడా తెలియాలనే ఇదంతా చెబుతున్నాను.

అప్పుడు మేము తిరుపతిలో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళయి రెండేళ్ళు. మీ తాత ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరుగుతూ ఉండేవారు కాబట్టి ఈ గొడవలో లేరు, బతికిపోయారు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త, మా మరిది. మరిది అంటే మీ చిన్నతాతే. ఆయనకు గిటారు పిచ్చి. ఊళ్ళో పాటకచేరీలు చేసే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. దాని పెద్దాయన, వచ్చే ఆదివారం సొంత గిటారుతో వచ్చి వాయించి చూపించు, బాగుంటే గంగజాతరలో మా స్టేజీ ఎక్కిస్తాను అన్నాడట. ఆ ఒక్క మాటకు మా మరిది వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

గిటారు ఉంది గానీ సగమే ఉంది. మద్రాసులో పాత సామాన్ల బజారులో దొరికింది. మెడ, లోపలి కరెంటు సామాను బాగున్నాయి. ఒళ్ళు మాత్రం నిలువునా చీలిపోయింది. వడ్రంగి పనస చెక్కతో కొత్త ఒళ్ళు కోసిచ్చి, రంగు, నూనె ఇంట్లోనే వేసుకోమన్నాడు. ఎలా వేయాలో కూడా చెప్పాడు. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. రంగు పట్టించాలి. అది ఆరాక అవిసె నూనె గుడ్డతో పలచగా పూసి, తుడిచేసి, ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. పలచగా అన్నది ఆయన మూడుసార్లు చెప్పాడట. మా అత్త ఆ మాట ఒక్కసారీ వినలేదు.

మరిదికి ముదురు గోధుమ రంగు కావాలి. కాఫీ డికాషన్ పట్టించడం మొదలుపెట్టాడు. మూడు రోజులు మా ఇంట్లో కాఫీ గిటారే తాగింది, మేము మజ్జిగ తాగాము. అంత తాగినా అది జ్వరం వచ్చి లేచిన మనిషిలాగే పాలిపోయి ఉంది. మా అత్త అటూ ఇటూ పోతూ దాన్ని చూసేది గానీ ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోతే మనం జాగ్రత్తపడాలి. నాకు అప్పటికింకా ఆ సంగతి తెలియదు.

శుక్రవారం పొద్దున మరిది దాన్ని గడప పక్కన ఆనించి తీగలు కొనడానికి బజారుకు పోయాడు. నేను నీళ్ళకు పోయాను. బిందెతో తిరిగి వచ్చేసరికి గడపకు పసుపు పూయడం అయిపోయింది. గిన్నెలో మిగిలిన పసుపును మా అత్త గిటారు నడుముకు పూస్తోంది. ముందూ వెనకా అప్పటికే పూర్తయ్యాయి.

"ఏం జేస్తా ఉండావత్తా?"

"కొత్త సామాన్ని బోడిగా పెట్టుకుంటారామ్మే? వీణకు పుయ్యమా? ఇదీ దాని సెల్లెలే గదా," అంది.

పూసి ఊరుకుందా? కూర్చుని తీరిగ్గా వక్కాకు వేసుకుంది. ఆ సున్నం చేతులతోనే గిటారును అంచులు పట్టుకుని ఎత్తి ఎండలో పెట్టింది. పసుపుకు సున్నం తగిలితే పారాణి కదా. పట్టుకున్నచోటల్లా ఎర్రటి వేళ్ళు పడ్డాయి, పది.

మరిది వచ్చి చూశాడు. మంచం మీద పడుకుని ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. తువ్వాలు కిందనుంచి మాట వచ్చింది.

"అమ్మా, నేను పొయ్యేది ఆర్కెస్ట్రాకా, పేరంటానికా?"

"యాడికి పొయినా పసుపుతో పోతే మంచిదే నాయనా," అంది అత్త.

ఉప్పుకాగితంతో రుద్ది చూశాను. పసుపు కింద ఇంకా పసుపే ఉంది. ఉన్నది రెండు రోజులు. అయితే నా చూపు ఊరికే ఆ వేలిముద్రల మీదికే పోతోంది. అంచు చుట్టూ అలాగే ఎర్రగా ఉంటే ఎలా ఉంటుందా అనిపించింది. గ్లాసులో సున్నం పలచగా కలిపి, పాత గుడ్డ ముంచి, అంచు వెంబడి గట్టిగా, లోపలికి వచ్చేకొద్దీ తేలిగ్గా తుడుచుకుంటూ పోయాను. నడిమధ్య పసుపు, అంచుకు ఎరుపు, మధ్యలో దోరమామిడి రంగు. తువ్వాలు ఒక మూల లేచింది. తర్వాత మనిషే లేచాడు.

"వదినా, మద్రాసు అంగళ్ళలో యాలాడదీసింటారే, అచ్చం అట్లుండాది," అన్నాడు.

సాయంత్రం అవిసె నూనె పలచగా పూసి తుడిచాడు. అద్దంలా మెరిసింది. అక్కడితో ఆగి ఉంటే నీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. శనివారం పొద్దున మేము లేచేసరికి మా అత్త సీసా అంతా దాని మీద వంచి, రెండు చేతులతో మర్దన చేస్తోంది.

"రెండు సుక్కలేసి తుడిసేస్తే వంటికి యాడ పడతాది?" అంది. పిల్లలకు తలంటే చెయ్యి అది, దానికి పలచన తెలియదు.

ఈసారి మరిదికి తువ్వాలు వెతుక్కునే ఓపిక కూడా లేదు. నూనె దిగడానికి నాకు తెలిసింది ఒకటే, నలుగు. శనగపిండి చల్లి, రుద్ది, దులిపి, మళ్ళీ చల్లి రుద్దాను. కారడం ఆగింది. జిగురు ఆగలేదు. పసుపు, పారాణి, నూనె, నలుగు, అన్నీ అయ్యాయి. బాసికం ఒక్కటే తక్కువ.

ఆదివారం తీగలు బిగించుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని పోయాడు. మేమిద్దరం గడప దగ్గరే కూర్చున్నాము. మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా మీద గిటారు మొత్తం దిగింది. మధ్యలో పసుపు, చుట్టూ ఎరుపు, నడుము ఒంపుతో సహా. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. అత్త అడగడానికి భయపడి నన్ను గిల్లింది.

మూడు పాటలు వాయించాడట. పెద్దాయన కళ్ళు మూసుకుని విని, గాలి పీల్చి, పెళ్ళింటి నుంచి వస్తున్నావా అని అడిగాడట. గిటారు తీయబోతే కడుపును వదల్లేదట. ఒకరు మరిదిని, ఒకరు గిటారును పట్టుకుని లాగారట. అప్పుడు పెద్దాయన అంచు మీద వేలు రాసి చూశాడట.

"ఈ రంగు యాడ ఏయించినావప్పా?"

"ఇంట్లోనే అన్నా. మాయమ్మా, మా వదినా."

ఆయన నమ్మలేదు. "సెప్పకుంటే మానే. జాతరకు వచ్చెయ్. తెల్ల సొక్కా మాత్రం ఏసుకోవద్దు," అన్నాడట.

ఇది విని మా అత్త, అంతా పసుపు మహిమే అని వీధి వీధంతా చెప్పివచ్చింది. నా సున్నం ఊసెత్తలేదు. తర్వాతి శుక్రవారం ఆ ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించే ఆయన తన డ్రమ్ములు మోసుకొచ్చి, అదే రంగు కావాలని మా గడప ముందు వరసగా పెట్టాడు. అత్త వక్కాకు నములుతూ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, నా వైపు చూసింది.

"నీళ్ళు కాంచుమ్మే. ముందు వీటికి తలంటు పొయ్యాల," అంది.