బంతి పట్టుకున్న చెయ్యి

మా ముత్తాత ఆడిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. వందేళ్లు దాటింది. పదకొండు మంది, అందరివీ ఉత్తి కాళ్లే. పది మంది భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. చివర్న, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మా ముత్తాత. ఖాళీ వైపు చేత్తో బంతిని నడుముకి ఆనించి పట్టుకున్నాడు.

ఆ ఖాళీ ఎందుకో తాతయ్య చెప్పేవాడు. ఊరు అంటరానిదన్న వాడ నుంచి ఆ మిషన్ కాలేజీకి వెళ్లిన మొదటివాడు ఆయన. ఆయనిచ్చిన పాస్ కాలితో అందుకునేవాళ్లు గాని, ఆయన తాకిన గ్లాసు అందుకునేవాళ్లు కారు. గోల్ కొడితే దూరం నుంచే చప్పట్లు. ఎక్కువ గోల్స్ కొట్టినవాడే ఫొటోలో బంతి పట్టుకోవాలన్నది అక్కడి ఆనవాయితీ. కెప్టెన్ ఆనవాయితీ తప్పలేదు. బంతిని చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెనక్కి జరిగాడట. మా ముత్తాత వంగి తీసుకున్నాడు.

చిన్నప్పుడు ఆ ఖాళీ అంటే నాకు సిగ్గు. ఎవరైనా అడిగితే, "అక్కడ నిలబడాల్సినాయన ఆ రోజు రాలేదు" అని కోసేసేదాన్ని. నర్సుగా జెద్దా వచ్చాకా అదే కోత. నా కూతురికీ అదే చెప్పాను.

పోయినేడాది అది స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి ఎంపికైంది. వార్డంతా చెప్పుకు తిరిగాను, పేషెంట్లను కూడా వదల్లేదు. మొదటి మ్యాచ్ నాటికి ఆ ఫొటో పెద్దది చేయించి దానికిద్దామని జెద్దా పాతబస్తీ బలద్‌లో ఒక స్టూడియోకి ఇచ్చాను. స్టూడియో ఆయన పాకిస్తానీ పెద్దాయన, మంచి పనివాడు. మరకలన్నీ పోగొట్టాడు. "మధ్యలో ఆ ఖాళీ బాగోలేదు బాజీ, దగ్గరికి జరిపేశాను," అన్నాడు హిందీలో, మెచ్చుకుంటానని చూస్తూ.

చూశాను. మా ముత్తాత భుజం పక్కవాడి భుజానికి ఆనుకుని ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమీ తెలియని ఓ మనిషి ఇన్నేళ్లకి ఆయన్ని జట్టులో కలిపాడు. అలాగే పట్టుకుపోదామనుకున్నాను. ఇక అబద్ధం చెప్పే పని కూడా ఉండదు.

అప్పుడు గమనించాను, బంతి లేదు. మనిషిని దగ్గరికి జరిపితే ఆ చెయ్యీ, చేతిలోని బంతీ పక్కవాడి వెనక్కి పోయాయి. ఒళ్లు మండింది. ఆ పెద్దాయన మీద కాదు, నా మీద నాకే. అన్నీ దిగమింగి నాలుగేళ్లు ఆడి ఆయన సంపాదించుకున్నది ఆ బంతి. నా సిగ్గు కోసం దాన్నీ లాగేసుకోబోయాను.

"ఆ ఖాళీ నాకు కావాలి. అప్పట్లో వాళ్లు ఈయన్ని తాకేవాళ్లు కారు," అన్నాను నా వార్డు హిందీలో.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఫొటోని మళ్లీ చూశాడు. "మరి ఆటలోకి రానిచ్చేవాళ్లా?"

"ఈయన లేకపోతే గెలిచేవాళ్లు కారు."

ఆయన తల ఊపి, బంతితో సహా మా ముత్తాతని తన చోటికి పంపించాడు.

ఇంటికొచ్చి కూతురికి అంతా చెప్పాను. అది ఫొటోని చాలాసేపు చూసింది.

"మరి ఆ రోజు రాలేదన్నాయన?"

"ఎవరూ లేరు. నేనే అబద్ధమాడాను."

"టాప్ స్కోరర్ మన ముత్తాతేనని ముందే చెప్పొచ్చుగా అమ్మా!" అని నామీద గయ్యిమంది.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు గాని, కొట్టిన ఒక్క గోలూ నా కూతురిదే. ఫొటోకి నిలబడ్డప్పుడు వాళ్ల కోచ్ బంతిని దాని చేతిలో పెట్టింది. అది చివరికి వెళ్లి, నాకేసి చూస్తూ, బంతిని నడుముకి ఆనించి, కావాలనే కాస్త ఎడంగా నిలబడింది. ఇంతలో పక్కనున్న గోల్‌కీపర్ పిల్ల, "ఎక్కడికే పోతున్నావ్!" అంటూ మెడచుట్టూ చెయ్యేసి దాన్ని లాక్కుంది. బంతి ఇద్దరి మధ్యా ఇరుక్కుంది. ఆ ఫొటోలో అన్నిటికంటే ముందు కనిపించేది అదే.