ట్యూబ్‌లైటు కింద కొన్న జాకెట్టు గుడ్డ

మన బందరు పాత షాపింగ్ కాంప్లెక్సు పైకప్పు తీసేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్లు వెలిగే ఆ నడవాలో నిన్న ఎండ పడుతోంది.

నడవా మధ్యలో, కప్పుకి ఒక్కచోటే వెలుతురు దిగే అద్దం ఉండేది, గుర్తుందా? చీర చెంగూ జాకెట్టు గుడ్డా పట్టుకుని ఆడవాళ్లంతా దాని కిందే నిలబడేవారు. మ్యాచింగ్ కొట్టు మావయ్యగారు గుడ్డ తాను మొత్తం చేతికిచ్చి, "ట్యూబ్‌లైటుని నమ్మకండమ్మా, వెలుగులో చూసుకు రండి" అని పంపేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ తన ముదురు నీలం పట్టుచీర ఇచ్చి, మొదటిసారి నన్నొక్కదాన్నే పంపింది. అద్దం కింద మా క్లాసు అబ్బాయిలు నిలబడి ఉన్నారు. సిగ్గేసి, అటు వెళ్లకుండానే "సరిపోయిందండీ" అని కోయించేశాను. ఇంటికొచ్చి చూస్తే అది వంకాయరంగు. నా మొహం చూసి అమ్మ, "బాగానే ఉందిలేవే, దూరానికి తెలీదు" అంది.

అమ్మ పోయి ఏడాదైంది. ఆ చీర నేను కట్టుకుందామని, నా కొలతకి కొత్త గుడ్డ కోసమే నిన్న వెళ్లాను. చీర మడతలో అమ్మ జాకెట్టు అలాగే ఉంది. మూసేసిన మ్యాచింగ్ కొట్టు ముందు, ఆ ఎండలో, రెండూ కలిపి చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాను.

తెలుస్తూనే ఉంది.

పాతికేళ్లు, ప్రతి పెళ్లికీ, అమ్మ ఆ జాకెట్టే వేసుకెళ్లింది.