నాయన తినని ఉప్పు

మా నాయన పెళ్ళిళ్ళలో వంట చేసేవాడు. అలా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. బియ్యం కడగడానికి, కూరలు తరగడానికి, పొయ్యి ఎగదోయడానికి మనుషులుండేవాళ్ళు. నాయన పని ఉప్పు వేయడం. మా తిరుపతి చుట్టుపక్కల పెళ్ళి వంటను దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. వాసన కూడా గట్టిగా పీల్చకూడదనే ముసలమ్మలు ఉండేవాళ్ళు. ఐదు వందల మందికి కాగే పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడకుండానే తెలియాలి. అది నాయన చేతికి తెలుసు. భుజం మీది తుండు తీసి పక్కన పెట్టి, గుండిగ చుట్టూ ఒకసారి తిరిగి, పొంగు వైపు చూసి, ఉప్పుబుట్టలో చేయి పెట్టి మూడు పిడికిళ్ళు వేసేవాడు. ఇక ఆ గుండిగ వైపు మళ్ళీ తిరిగేవాడు కాదు. ఉప్పు సరిపోయిందా అని ఆయన ఎవరినీ అడిగి ఎరగడు. ఆ మాట అడిగేవాడికి వంట రాదని ఆయన సిద్ధాంతం.

ఆ చేతికి ఎంత పేరంటే, మా పక్కింటావిడ చారు చప్పగా వచ్చిన రోజున గిన్నె పట్టుకొచ్చి కాస్త వేలు ముంచమని అడిగేది. నాయన ముంచేవాడు కూడా. ఆవిడ గిన్నె తీసుకుని తృప్తిగా వెళ్ళిపోయేది.

యుద్ధం అయిపోయి, బియ్యానికి ఇంకా కార్డులు నడుస్తున్న రోజులవి. పెళ్ళిళ్ళు మాత్రం ఆగలేదు, బియ్యం ఎక్కడినుంచి వస్తున్నాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ వానాకాలంలో నాయన కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టలేదు. అమ్మ పోరు పడలేక చిత్తూరుకు వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు కాలి మీద బొటనవేలితో అదిమి, పడిన గుంట వైపు చాలాసేపు చూసి, ఉప్పు బాగా తగ్గించాలన్నాడట. తగ్గించకపోతే ఈ నీరు గుండెల దాకా వస్తుందనీ, అప్పుడు తన దగ్గరికి వచ్చినా చేసేదేమీ ఉండదనీ చెప్పాడట. నాయన మర్యాదగా తల ఊపి, తాను ఉప్పు తినేది కొంచెమేననీ, వేసేదే ఎక్కువనీ, అది చేతి చర్మంలోంచి లోపలికి పోయి ఉంటుందనీ వివరించాడు. డాక్టరు నవ్వాడు. నవ్విన డాక్టరు మాట నాయన ఎందుకు వింటాడు? తిరుగు రైల్లో పాకాల స్టేషన్లో ఆరు వడలు తినే ఇంటికి వచ్చాడు.

మరునాడు అమ్మ పప్పులో ఉప్పు సగం వేసింది. నాయన ఒక్క ముద్ద తిని కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. ఊరందరికీ ఉప్పు వేసేవాడు చప్పిడి కూడు తింటున్నాడంటే రేపు ఎవడు పిలుస్తాడని వీధిలో నిలబడి అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ మాట్లాడకుండా ఉందంటే ఏదో చేయబోతోందని నాకు పద్నాలుగేళ్ళకే తెలుసు.

వినాయక చవితి వెళ్ళిన మరుసటి రోజు నుంచి మొదలుపెట్టింది. మొదటి వారం ఒక చిటికెడు, ఆపైన ప్రతి వారం ఇంకో చిటికెడు. వంటకు తీసిన ఉప్పులోంచి ఆ వారం లెక్క ప్రకారం తగ్గించాల్సినంత తీసేసి, మిగిలింది వేసేది. తీసేసిన ఉప్పును మళ్ళీ ఉప్పుకుండలో వేస్తే లెక్క తప్పుతుంది. పారేద్దామంటే, ఉప్పు పారేసినవాళ్ళు చచ్చాక దాన్ని కనురెప్పలతో ఏరాలని మా వైపు గట్టి నమ్మకం. అందుకని గదిమూల బియ్యపు బాన వెనక ఒక పాత ఊరగాయ జాడీ పెట్టి అందులో వేస్తూ వచ్చింది. పైగా చర్మంలోంచి ఉప్పు పోతుందన్న నాయన మాట ఆమె మనసులో ఎక్కడో నాటుకుంది. పెళ్ళి వంట చేసి వచ్చిన రోజున ఏడుసార్లు చేతులు కడిగితే తప్ప కంచం ముందు కూర్చోనిచ్చేది కాదు. నాయన విసుక్కుంటూ కడిగేవాడు, నేను పక్కన నిలబడి నీళ్ళు పోసేదాన్ని.

నాకు ఇంకో పని కూడా ఉండేది. పొద్దున్నే నాయన కాలి మీద బొటనవేలితో అదిమి, గుంట పూడేదాకా లెక్కపెట్టాలి. మొదట్లో నలభై దాకా వచ్చేది. కార్తీకానికి ఇరవై. సంక్రాంతి దాటేసరికి పది. చిత్తూరు డాక్టరు పొరపాటు పడ్డాడనీ, తాను ఉప్పు మానకపోయినా కాళ్ళు తగ్గాయనీ నాయన కనిపించినవాళ్ళకల్లా చెప్పేవాడు. అమ్మ వింటూ పొయ్యి ఊదుకునేది.

మాఘమాసంలో సత్యవేడు దగ్గర ఒక పెద్ద పెళ్ళికి పిలుపు వచ్చింది. కూరలు తరగడానికి అమ్మా నేనూ కూడా వెళ్ళాం. నాయన ఎప్పటిలాగే గుండిగ చుట్టూ తిరిగి, ఎప్పటిలాగే గర్వంగా చేయి విదిల్చాడు. నైవేద్యం అయింది. మగపెళ్ళివారి మొదటి పంక్తి కూర్చుంది. రెండు ముద్దలు తిన్నారో లేదో, పంక్తి చివరి నుంచి ఉప్పు అడిగారు. తర్వాత మధ్యలో అడిగారు. తర్వాత అందరూ ఒకేసారి అడిగారు. నాయన ఉన్న పెళ్ళిలో ఉప్పు అడగడం అంతవరకు ఎవరూ వినలేదు.

పెళ్ళికొడుకు పెదనాయన మాత్రం ఉప్పు అడగలేదు. ఆకు ముందు నుంచి లేచాడు. "మీ ఇంటి ఉప్పు మా కడుపులో పడకుండా కూడు పెట్టినారంటే ఏందప్పా అర్థం? రేపు మాకు మీ మీద విశ్వాసం ఉండనక్కర్లేదనే గదా?" అని ఆడపెళ్ళివారిని నిలదీశాడు.

ఇక చూడాలి. ఆడపెళ్ళివారు పళ్ళేలలో ఉప్పు తెచ్చి ప్రతి ఆకు అంచునా ఇంత పెట్టారు. విడిగా పెట్టిన ఉప్పు లెక్కలోకి రాదని మగపెళ్ళివారు వాదించారు. కలుపుకున్నాక అది విడి ఉప్పు ఎలా అవుతుందని ఆడవైపు ముసలాయన ఒకరు అడిగారు. వండిన ఉప్పుకు ఉన్న బంధం కలిపిన ఉప్పుకు ఉంటుందా అనే ప్రశ్న మీద, చేతులు ఎండిపోతుండగా, అరవై మంది సగం తిన్న ఆకుల ముందు అరగంట కూర్చున్నారు. చివరికి పెళ్ళి చేయించిన అయ్యవారిని పిలిచారు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, మజ్జిగలో అందరి ముందు ఉప్పు వేసి కలిపి ఇరువైపులవాళ్ళూ తలా ఒక గ్లాసు తాగితే విశ్వాసం నిలుస్తుందని తీర్పు చెప్పాడు. తాగారు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు ఆగక కూరల బుట్ట వెనక దాక్కున్నాను.

నాయనను చూశాకే నవ్వు ఆగింది. ఆయన వంటశాలలో నిలబడి, అరచేతిలో పులుసు వేసుకుని, రుచి చూశాడు. మళ్ళీ చూశాడు. "సరిగ్గానే ఉండాదే," అన్నాడు. అమ్మ తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక మూడో రోజు పక్కింటావిడను ఆవిడ చారు కొంచెం పోయమని అడిగాడు. ఆవిడ సంతోషంగా తెచ్చింది. ఒక గుక్క నోట్లో పోసుకుని పెరట్లో ఉమ్మి, ఇంత ఉప్పుతో ఇది మనుషులు తాగేదేనా అన్నాడు. ఆవిడ నొచ్చుకుని, ఎప్పుడూ పెట్టేదే పెట్టానంది. నాయన గిన్నె కింద పెట్టి మెల్లగా అమ్మ వైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చవితి పోయినాక నుంచి," అంది అమ్మ.

రేపటి నుంచి వంటలో ముందులాగే ఉప్పు పడాలన్నాడు నాయన. నెల తిరక్కుండా చిత్తూరులో పెళ్ళి ఉందనీ, ఆలోగా తన చేయి తనకు రావాలనీ, అది పోయాక కాళ్ళు ఉండి ఏం లాభమనీ అన్నాడు. ఆ మాటకు నాకు భయం వేసింది. అమ్మ లోపలికి వెళ్ళి, బాన వెనక నుంచి జాడీని రెండు చేతులా మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది మీరు తినని ఉప్పు. ముందు మాదిరి కావాలంటే ముందు దీన్ని తినండి. నేను ఈడే కూసోని సూస్తా."

నాయన మూత తీసి చేయి పెట్టాడు. మణికట్టు దాటినా అడుగు తగల్లేదు. అంత ఉప్పును ఆయన పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లో చూసి ఉంటాడు, కానీ అది తన ఒంట్లోకి పోవలసిన ఉప్పు అని ఎప్పుడూ చూసి ఉండడు. తర్వాత కాలు చాపి, నన్ను అదమమన్నాడు. అదిమాను. ఆరు లెక్కపెట్టేసరికి గుంట పూడిపోయింది.

"మరి నా చెయ్యి?" అని అడిగాడు అమ్మను.

"ఇంట్లో ఉప్పు ఇప్పుడు సగానికి వచ్చింది, మీ చెయ్యీ దాంతోపాటే వచ్చింది. మీ చెయ్యి అనుకున్నంత వెయ్యండి. మళ్ళా అంతే వెయ్యండి," అంది అమ్మ.

చిత్తూరు పెళ్ళిలో నాయన గుండిగ చుట్టూ తిరిగి, ఇప్పుడు సగమే నిండుతున్న పిడికిలితో మూడుసార్లు వేశాడు. చేయి కడుక్కోబోయి ఆగాడు. అమ్మ అరిటాకుల కట్ట దగ్గర నిలబడి చూస్తోంది. నాయన వెనక్కి వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, మరో మూడు వేశాడు. ఆయన చేతికింద పనిచేసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయన మాత్రం నేరుగా మా దగ్గరికి వచ్చి, ఊరందరినీ చంపేశాననీ, మొదటి పంక్తి లేవకముందే మనం స్టేషన్‌కు చేరాలనీ, గరిటెలు పోతే పోనీ అనీ అన్నాడు. నిజంగానే తుండు తలకు చుట్టుకుని పెరటి గోడ ఎత్తు చూసుకున్నాడు.

మొదటి పంక్తిలో ఎవరూ ఉప్పు అడగలేదు. కాసేపటికి పులుసు మళ్ళీ తెమ్మని ఒకరు పిలిచారు. ఆ వెనకే ఇంకొకరు. ఆ పూట పులుసు రెండో పంక్తికి చాలక చారుతో సర్దారు. అందరూ అయ్యాక నాయన కూర్చుని, తాను వండిన పులుసు కలుపుకుని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెంబెడు నీళ్ళు తాగి ఆకు మడిచేశాడు. జిల్లా అంతా మెచ్చుకునే చేతి వంటను తినలేనివాడు ఆయన ఒక్కడే అయ్యాడు.

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో చప్పిడి పప్పు, అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి అమ్మ కంచం ముందు కూర్చుంది. నాయన గడప దగ్గర నిలబడి ఆ కంచం వైపు చూశాడు.

"నీ కాళ్ళు వాయలేదు గదా. నువ్వెందుకు తింటుండావు ఇది?"

"రెండు కుండలు పెడితే మీకు తెలిసిపోతుంది గదా," అంది అమ్మ.

నిజం చెప్పాలి, నేను ఆ ఐదు నెలలూ పక్కింట్లో ఊరగాయ నంజుకుంటూ గడిపాను. అమ్మ కూడా ఎక్కడో అలాగే సర్దుకుంటోందనుకునేదాన్ని.

నాయన బాన దగ్గరికి వెళ్ళి జాడీలోంచి ఒక చిటికెడు తీశాడు. ఉప్పు చేతికి ఇవ్వకూడదు కాబట్టి వంగి అమ్మ కంచం అంచున పెట్టాడు. ఇంట్లో ఆయన ఎవరికైనా వడ్డించడం నేను చూడటం అదే మొదలు. అమ్మ కలుపుకుని ఒక ముద్ద తింది.

"సరిపోయిందా?" అని అడిగాడు నాయన.

అమ్మ ముద్ద మింగి, నీళ్ళు తాగి, మొహం చిట్లించింది. "ఎక్కువైంది," అంది.

నాయన కుండలోంచి చప్పిడి అన్నం రెండు పిడికిళ్ళు తీసి ఆమె కంచంలో వేసి, పక్కనే కూర్చుని, "ఇప్పుడు?" అన్నాడు.