మా ఆయన జింకపోతు

నవ్వితే నవ్వండి గానీ, ముందు ఆ టీ కప్పులు కింద పెట్టండి. ఒలికిపోతాయి. మొన్న నలభై మూడేళ్ళ వయసులో నాకు ఒక జంతువు మీద అసూయ పుట్టింది. పుట్టి ఊరుకోలేదు, నన్ను అమెరికా దాకా అల్లరిపాలు చేసింది.

మా ఆయన ప్రభాకర్ ఇక్కడ ఒమాన్‌లో, అల్ ఖువైర్‌లో ఒక కన్సల్టెన్సీలో సివిల్ ఇంజనీరు. నెమ్మదైన మనిషే, కాకపోతే బ్యాంకులో పది నిమిషాలు లైన్లో నుంచోమంటే మాత్రం చొక్కా చింపుకుంటారు. ఆయన బాసు డెన్నిస్ అని అమెరికావాడు, అరవైకి దగ్గరపడ్డాడు. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పటి నుంచీ జింకల వేటేనట. అదీ ఏ జింక పడితే ఆ జింక కాదు. తెల్లతోక జింకల్లో బాగా ముదిరిన పోతు ఒక్కటే కావాలట. "కుర్ర పోతు దానంతటదే ఎదురొస్తుంది ప్రభా, ముదురుది కావాలంటే దాని బుర్రతో మనం ఆలోచించాలి" అనేవాడట.

ఇక్కడ ఒమాన్‌లో జింక మీద తుపాకీ ఎత్తితే జైలే. అందుకని డెన్నిస్ తుపాకీ బదులు మూరెడు లెన్సున్న కెమెరా కొనుక్కున్నాడు. తోడుకి మా ఆయన్ని కుదుర్చుకున్నాడు. ఖురియాత్ వెళ్ళే దారిలో కొండల మధ్య ఒక వాదీ ఉంది. వానొస్తే పారే వాగు, మిగతా రోజుల్లో అన్నీ రాళ్ళూ తుమ్మచెట్లూ. అక్కడొక చిన్న నీటి గుంట దగ్గరికి జింకలొస్తాయి. మన కృష్ణజింకలంత ఉండవు, ఓ మాదిరి మేకంత ఉంటాయి. వాటిలో ఒక ముదురు పోతు ఉందని డెన్నిస్ కనిపెట్టాడు. ఇంకేముంది, ప్రతి గురువారం సెలవు రోజున తెల్లారకముందే ఇద్దరూ జీపెక్కి మాయం.

మొదట్లో సంతోషించాను. ఎప్పుడూ టీవీ ముందు కూర్చునే మనిషి బయట గాలి పీలుస్తున్నారు కదా అని. తరవాత మొదలైంది. ఒకరోజు హాస్పిటల్లో డ్యూటీకి వెళ్తూ చూస్తే నా పౌడరు డబ్బా లేదు.

"గాలి చూడ్డానికి తీసుకెళ్ళాను" అన్నారు.

"గాలి కనిపిస్తుందాండీ?"

"చిటికెడు పౌడరు వదిలితే ఎటు కొట్టుకుపోతుందో తెలుస్తుంది కరుణా. మన వాసన దాని వైపు పోకూడదు. జింక కన్ను మోసపోతుంది, చెవి మోసపోతుంది, ముక్కు మాత్రం మోసపోదు."

ఆ ముక్కు కోసం మా ఇంట్లో సబ్బు మారింది. బుధవారం సాయంత్రం పోపు పెట్టకూడదని రూలొచ్చింది. ఎండు నెత్తళ్ళు వేయించడమైతే మొత్తానికే బంద్. మా అమ్మ నరసాపురం నుంచి పంపిన నెత్తళ్ళు డబ్బాలోంచి నన్ను చూస్తుండేవి. గురువారం వేసుకునే చొక్కా ప్యాంటూ బాల్కనీలో తుమ్మ రెమ్మలతో కలిపి ఒక సంచిలో ఉండేవి. వాటిని నేను ముట్టుకోకూడదు. "నీకు హాస్పిటల్ వాసన ఉంటుంది" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళూ లేని వాసన.

ఇంకో రోజు భోజనం దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి ఫోటోలు చూపించారు. పోతు ఫోటోలనుకున్నాను. పెంటికలు.

"ఇవి పాతవి. ఇవి చూడు, తాజావి. ఒక్కచోటే వేస్తాడు, ఇది నా ఏరియా అని చెప్పడానికి. అంటే రోజూ ఈ దారినే వెళ్తున్నాడు. మనం ఆ దారి తొక్కకుండా పక్క నుంచి రావాలి. ఒకే చోట వారం వారం కూర్చోకూడదు, పసిగట్టేస్తాడు."

వార్డులో పొద్దస్తమానం చూసేది చాలక అన్నం ముందు ఇదా అని ల్యాప్‌టాప్ మూసేశాను.

మీరు గమనించారో లేదో, "వేస్తాడు", "వెళ్తున్నాడు" అనడం. కొన్నాళ్ళకి అదీ పోయింది. "పెద్దాయన" అనడం మొదలుపెట్టారు. పెద్దాయన ఇవాళ రాలేదు. పెద్దాయన కొండ మీంచి చూసి వెనక్కి వెళ్ళిపోయారు. ముందు ఆడ జింకల్నీ పిల్లల్నీ పంపిస్తారట, వాటికేం కాలేదని చూసుకుని ఆఖర్న ఒంటరిగా దిగుతారట. అందుకని మొదట వచ్చిన వాటిని చూసి కదిలితే అంతా అయిపోయినట్టే. గంటలకొద్దీ రాయిలా కూర్చోవాలి. బ్యాంకులో పది నిమిషాలు నుంచోలేని మనిషి అండీ.

అదైనా ఓర్చుకున్నాను. ఒక బుధవారం డెన్నిస్ ఎలాగో తీసిన మసక ఫోటో ఒకటి పట్టుకొచ్చి, ముదురుదని ఎలా తెలుస్తుందో నాకు వివరించారు.

"మెడ చూడు, ఎంత బలిసిందో. నడుము కొంచెం కిందికి దిగింది. పొట్ట కూడా జారింది. కుర్ర వాటికి ఈ నిండుతనం రాదు. వయసు తెచ్చే అందం ఇది."

నా పొట్ట గురించి ఈయన అంతకు వారం ముందే ఏమన్నారో తెలుసా? "సాయంత్రం పూట కాస్త నడవకూడదూ?" అన్నారు. నాకు కళ్ళజోడు వచ్చి నెలైనా గమనించని మనిషి, ఆ జంతువుకి ఎడమ కొమ్ము కొస విరిగిందని అంత మసకలో కనిపెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరైనా ఆడమనిషైతే వెళ్ళి జుట్టు పట్టుకుని అడగొచ్చు. దీన్నేం అడుగుతాం?

ఇలా ఉండగా డెన్నిస్ ఉద్యోగం మానేసి వాళ్ళ దేశం వెళ్ళిపోయే రోజు దగ్గరపడింది. ఇంతవరకూ పెద్దాయన ఫోటో సరైనది ఒక్కటీ రాలేదు. ఆఖరి గురువారం డెన్నిస్‌కి సామాన్లు కట్టే పని పడింది. కెమెరా మా ఆయన చేతికిచ్చి "నువ్వే తీసి పెట్టు" అన్నాడట. మా ఆయన పెళ్ళికొడుకులా తిరిగారు ఇంట్లో. జీపులో సీటు ఖాళీ అని తెలిసి నేను అడిగాను.

"నేనూ వస్తాను."

"నువ్వా? ఎందుకు?"

"అంత గొప్పగా ఏముందో చూస్తాను."

చివరికి ఒప్పుకున్నారు, బోలెడు షరతుల మీద. తలకి నూనె లేదు, గాజులు లేవు, నోట్లో చూయింగ్ గమ్ లేదు. తుమ్మ రెమ్మల సంచిలో నా చుడీదార్ కూడా ఒక రోజు ఊరింది. జీపు దిగాక నా ఫోను తీసుకుని, సైలెంట్‌లో పెట్టి, తెర వెలుగు కనపడకుండా దాని మీద నల్ల టేపు అంటించి మరీ ఇచ్చారు.

ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. చలి. ఆయన నా పౌడరు డబ్బా తీసి చిటికెడు వదిలారు. అది మెల్లగా కిందికి కొట్టుకుపోయింది. తెల్లవారుజామున గాలి కొండ మీంచి కిందికి దిగుతుందట, ఎండెక్కి రాళ్ళు కాగితే ఎదురు తిరిగి పైకి పోతుందట. ఆయన నీటి గుంట దగ్గర కట్టెలూ ముళ్ళూ పేర్చిన చాటులో కూర్చున్నారు. నన్ను బాగా కిందికి తీసుకెళ్ళి ఒక పెద్ద బండ పక్కన కూర్చోబెట్టారు.

"ఇక్కడే ఉండు. ఎటూ కదలకు. పెద్దాయన ఇటు రారు" అని గుసగుసలాడి వెళ్ళిపోయారు.

అంటే నాకు సినిమా టిక్కెట్టు ఇచ్చి హాలు బయట కూర్చోబెట్టినట్టు. కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎండ వచ్చింది. పైన గుంట దగ్గర ఆడ జింకలు దిగడం బండ సందులోంచి కనిపించింది. గాలి నా వీపు మీంచి పైకి కొట్టడం మొదలైంది. అంటే గాలి తిరిగింది. ఆయన కూడా చోటు మారాలి. కానీ జింకలు ఎదురుగా ఉంటే ఎలా కదులుతారు? కొండ మీదున్న పెద్దాయన ముక్కుకి మా ఆయన వాసన తగిలి ఉంటుందని తరవాత ఆయనే నాకు వివరించారు. ముదురుది కదా, పారిపోలేదు. కొండ చుట్టూ తిరిగి, కింద నుంచి వద్దామనుకుంది.

కింద నేనున్నాను.

గులకరాయి కదిలిన చప్పుడైంది. తల తిప్పాను. మన వార్డులో ఒక మంచానికీ ఎదుటి మంచానికీ ఉన్నంత దూరంలో నుంచుని ఉంది. తేనె రంగు ఒళ్ళు, పక్కన నల్లటి చార, మెడ ఆయన చెప్పినంత బలంగా ఉంది, ఎడమ కొమ్ము కొస లేదు. కళ్ళు మాత్రం... ఎలా చెప్పాలో తెలీదు. కాటుక పెట్టినట్టున్నాయి. నన్ను చూస్తోంది. పారిపోవాలా వద్దా అని ఆలోచిస్తోంది. నా అసూయంతా ఎటు పోయిందో పోయింది. ఇంత అందగాడి కోసం నెత్తళ్ళు మానేస్తే మాత్రం ఏమైంది అనిపించింది.

బుర్ర పనిచేసింది. చెయ్యి మెల్లగా కదిపి, ఫోను ఒడిలోంచి ఛాతీ దాకా ఎత్తి, తెర ఎలాగూ కనపడదు కాబట్టి దాని మొహం మీంచి చూపు తిప్పకుండా ఫోను పక్కనుండే కెమెరా బటన్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఆయనా డెన్నిసూ ఇన్నాళ్ళూ చెయ్యలేని పని నేను ఒక్క పూటలో చేశాను.

అంతటితో ఆగితే బాగుండేది. పోతు ఒక అడుగు ముందుకేసింది. ఇన్ని నెలలుగా ఇంట్లో పెద్దాయన, పెద్దాయన అని వినీ వినీ ఏమైపోయానో, నేను లేచి నుంచున్నాను. చున్నీ సర్దుకుని "రండి" అన్నాను.

దాని తోక లేవడమొక్కటే చూశాను. అరిచినట్టు ఒక చప్పుడు, రాళ్ళ మోత, పైన ఆడ జింకలన్నీ చెల్లాచెదురు. వాదీ అంతా ఖాళీ. ముళ్ళ చాటులోంచి మా ఆయన కెమెరాతో పరిగెత్తుకొచ్చారు.

"ఎవరితో మాట్లాడావు?"

"పెద్దాయన వచ్చారండి."

"వస్తే?"

"రండి అన్నాను."

ఆయన ఒక రాయి మీద కూర్చున్నారు. కొండ వైపు చూస్తూ ఉండిపోయారు. డెన్నిస్‌కి ఏం చెప్పాలి అని ఒక్క మాట అన్నారు, అదీ నాతో కాదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. గబగబా ఫోను చేతిలో పెట్టాను.

"ఫోటోలు తీశానండీ. ఎదురుగా, మొహం మీద."

మనిషి ఎగిరి లేచారు. "ఎంత దూరం? కొమ్ము పడిందా?" అంటూ గోటితో టేపు పీకారు. నేను పక్కన గర్వంగా నుంచున్నాను. ఆయన ఒక ఫోటో చూశారు. రెండోది చూశారు. మళ్ళీ మొదటిదానికెళ్ళారు. తొంగి చూశాను.

అన్నీ నేనే.

మా చెల్లితో వీడియోలో మాట్లాడొచ్చని ముందువైపు కూడా కెమెరా ఉన్న ఫోను కొనుక్కున్నాను కదా. జీపు దిగేముందు మొహం చూసుకుందామని ఆ కెమెరా తెరిచాను, అద్దం లాగా. మళ్ళీ మార్చలేదు. ఆ తరవాతే ఆయన టేపు అంటించారు. అందుకని కింద నుంచి నా గడ్డం, తెరుచుకున్న నోరు, నూనె లేక పైకి లేచిన జుట్టు, కళ్ళజోడు వెనక చేటలంత కళ్ళు.

తిరుగు దారిలో పెట్రోల్ బంకు దగ్గర చాయ్ తీసుకున్నాం. తిడతారని ఎదురు చూస్తున్నాను. తిడితే బాగుండేది. ఫోను మళ్ళీ తీసి చూస్తున్నారు. చాయ్ చల్లారిపోయింది.

"ఎప్పుడు కొన్నావు ఈ కళ్ళజోడు?" అన్నారు.

"అయింది లెండి."

ఇంకాసేపు చూశారు. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇలా చూడలేదు నువ్వు."

నవ్వుతున్నారేమో అని చూశాను. నవ్వట్లేదు. నిజంగానే మొహం ముడుచుకుని ఉంది. అల్ హైల్‌లో ఇంటికి చేరేదాకా అలాగే ఉన్నారు. మధ్యలో ఒకసారి "అంత బాగుంటాడా దగ్గర్నుంచి?" అని అడిగారు. బాగుంటాడు అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ సాయంత్రం ఆయనే నడకకి బయల్దేరారు, పొట్ట లోపలికి పీల్చుకుని.

మర్నాడు డెన్నిస్ వీడ్కోలు టీకి ఇద్దరం వెళ్ళాం. మా ఆయన జరిగిందంతా చెప్పేశారు. ఫోను చూపించారు. డెన్నిస్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నా మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. నేను తలుపు దగ్గర నుంచుని భూమిలోకి కూరుకుపోతున్నాను.

"చాలా పెద్దది" అన్నాడు చివరికి. "ఈ మొహం చూస్తే తెలిసిపోతోంది. నా జీవితంలో ఇంత పెద్దది చూడలేదు." ఆ ఫోటో తనకి పంపమని అడిగి తీసుకున్నాడు. ముసలాయన మర్యాద కొద్దీ అన్నాడులే అనుకున్నాను.

పోయిన వారం మెయిల్ వచ్చింది. వాళ్ళింటి గోడ ఫోటో పంపాడు. ఇన్నేళ్ళలో వేటాడిన ముదురు పోతుల తలలన్నీ చెక్క పలకల మీద బిగించి వరసగా పెట్టుకున్నాడు. చెట్టు కొమ్మల్లా ఆ కొమ్ములు, ఒక్కోదాని కింద ఏ ఊళ్ళో కొట్టాడో ఇత్తడి రేకు. ఆ వరస చివర, అదే సైజు చెక్క పలక మీద, నోరు తెరుచుకుని నేను. కింద రేకు మీద "ఒమాన్" అని చెక్కించాడు. ఇంటికొచ్చిన వాళ్ళంతా మిగతావన్నీ వదిలేసి, దీన్నెలా కొట్టావని అడుగుతున్నారట.