సత్యవతక్క దాచిన టేపులు

నిన్న ఒక పాత వీడియో క్యాసెట్ డబ్బా తెరవగానే చెమ్మ పట్టిన టేపు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సత్యవతక్క గుర్తొస్తుంది. మార్కాపురం బస్టాండు దగ్గర ఆమెకు వీడియో స్టూడియో ఉండేది. భర్త పోయాక కెమెరా తానే భుజానికెత్తుకుని, గిద్దలూరు నుంచి దర్శి దాకా పెళ్లిళ్లు తీసింది. డిగ్రీ అయ్యాక నేను ఆమె దగ్గరే పనిలో చేరాను. పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఎక్కించాక వాటిని పారేద్దామంటే అక్క ఒప్పుకోలేదు.

"టేపు కొంచెం కొంచెంగా చెడిపోతాదమ్మాయ్. గీతలు పడినా మనిషి కనపడతాది. కంప్యూటర్‌ది పోతే మొత్తం పోతాది."

"రేపు టేపు ఆడించే మిషన్లే లేకపోతే ఏంది అక్కా?"

"అందుకే గదా, రెండూ ఉండాలనేది."

ఒక ఎండాకాలం బేస్తవారిపేట వైపు నుంచి మాలకొండమ్మ అనే ఆమె వచ్చింది. గొర్రెలు మేపుకునే కుటుంబం. కూతురు రమణమ్మ కాన్పులో చనిపోయింది. పెళ్లప్పుడు మేమిచ్చిన సీడీని కొంగులో చుట్టి తెచ్చింది. దాని పైపూత పెచ్చులుగా లేచిపోయి ఎందులోనూ ఆడలేదు. ఆ పెళ్లి ఎక్కించిన హార్డ్ డిస్కు కూడా అప్పటికే పాడైపోయింది.

"ఫొటో ఉందమ్మా. ఫొటో మాట్లాడదు గదా. దాని గొంతు మర్చిపోతన్నా," అంది.

అక్క బీరువాలోంచి టేపు తీసింది. అంచుల వెంట తెల్లటి బూజు. "రేపు రా పెద్దమ్మా," అని చెప్పి, సాయంత్రం దాకా కూర్చుని, టేపు చుట్టిన చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ స్పిరిట్ గుడ్డతో తుడిచింది. మర్నాడు ఆడిస్తే మొదట తెర నిండా చుక్కలే. తర్వాత రంగు వెలిసిన పందిరి, పెళ్లికూతురు. ఆ పెళ్లి గోలలో ఆమె పక్కకు తిరిగి, "అమ్మా, నువ్వు తిన్నావా?" అని అడిగింది.

"తిన్నాలే నాయనా," అంది మాలకొండమ్మ తెరకేసి చూస్తూ.

కాసేపటికి టేపు ఇరుక్కుంది. మిగతాదంతా అట్టలా అతుక్కుపోయింది. వచ్చినంత వరకు కంప్యూటర్‌లోకి తీసుకుని, మాలకొండమ్మకొకటి, ఆమె అల్లుడికొకటి, తమ్ముడికొకటి నకళ్లు చేయించింది అక్క.

తర్వాత అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చూడడానికి వెళితే స్టూడియో తాళాలు నా చేతిలో పెట్టి, ఆయాసపడుతూనే, "బూజు పట్టినవి ముందు ఎక్కించు. మంచివి ఆగుతాయి," అంది. ఆ వర్షాకాలం దాటలేదు.

ఆమె రూపం కోసం ఆ టేపులన్నీ వెతికాను. ఎక్కడా లేదు. కెమెరా వెనకనుంచి గొంతు మాత్రం వినిపిస్తుంది: "ఇట్ల చూడమ్మా. తల కొంచెం పైకెత్తు." ఆ ముక్కలన్నీ ఏరి వేర్వేరు చోట్ల దాచుకున్నాను.

ఇప్పటికీ ఎవరైనా టేపులు తెస్తే, పోయినవాళ్లు ఎందులో ఉన్నారని అడిగి, అదే ముందు చేతిలోకి తీసుకుంటాను. అన్నిసార్లూ బొమ్మ రాదు. రాలేదని ఎదురుగా కూర్చున్న మనిషికి ఎట్లా చెప్పాలో మాత్రం అక్క దగ్గర నేర్చుకోలేకపోయాను.